బిగింపు మాస్టారి రెండు కాలమ్‌లు

మరమ్మతుల దుకాణంలో మధ్యాహ్నం వేళ. మోటారుకి తీగ చుడుతున్న అమ్మాయి. ఆమె తండ్రిని వెతుక్కుంటూ వచ్చిన, జుట్టు నెరిసిన ఒక మేడమ్.

“అయ్యో, ఆ స్టూల్ కాదు మేడమ్, దాని ఒక కాలు మీద నాకు నమ్మకం లేదు. ఇదిగో, ఇది వేసుకోండి. నాన్న వచ్చేస్తారు. ఇవాళ గురువారం కదా, ఆసుపత్రికెళ్ళారు.”

“ఆసుపత్రికా? ఒంట్లో బాగోలేదా?”

“ఆయనకేం, రాయిలా ఉన్నారు. పిల్లల కంటి ఆసుపత్రి అది. మంచాల చక్రాలు, ఫ్యాన్లు, నీళ్ళ పంపులు, అక్కడ ఏది మూలిగినా ఈయన వెళ్ళి బిగించి రావాల్సిందే. పదకొండేళ్ళుగా ఇదే వరస.”

“పిల్లల కంటి ఆసుపత్రా?”

“ఆ. ఎందుకు నాన్నా ఈ వెట్టిచాకిరీ, ఇంటి దగ్గర పని కుప్పలుగా పడుందీ అంటే ఒంటికాలి మీద లేస్తారు. అడగడం మానేశాను. ఇంతకీ మీ మెషిన్ ఏది? చేతిలో కవరు తప్ప ఏం కనబడట్లేదే.”

“మెషిన్ కాదమ్మా. మీ నాన్నగారూ నేనూ ఒకే చోట పనిచేశాం. మందుల కంపెనీ ల్యాబ్‌లో.”

“ఓ... ఆ ల్యాబా! అయితే మీరు, ఆ మేడమా?”

“ఆ మేడమ్ అంటే? నా గురించి ఏం చెప్పారు?”

“అదే విచిత్రం. ఏం చెప్పలేదు. ల్యాబ్ మాటెత్తితే మనిషి గమ్మున లేచి పెరట్లోకి పోతారు. ఒక్కసారి మాత్రం, అక్కడ ఒక మేడమ్ ఉండేవారు, మంచావిడ, అన్నారు.”

“మంచావిడ అన్నారా?”

“అన్నారు. ఏంటి మేడమ్, అలా అయిపోయారు? మంచినీళ్ళు తేనా?”

“వద్దులే. అక్కడ మీ నాన్నని ఏమని పిలిచేవాళ్ళమో తెలుసా? బిగింపు మాస్టారు అని.”

“బిగింపు మాస్టారా! భలే ఉందే. బోర్డు మీద రాయించేస్తాను.”

“ఏ గొట్టం అతుకు దగ్గర కారినా, పెద్ద చదువులు చదివినవాళ్ళం పదిమందిమి చుట్టూ నిలబడి చూసేవాళ్ళం. ఆయనొచ్చి వేలితో తడిమి పావు తిప్పు తిప్పేవారు. కారడం ఆగిపోయేది.”

“ఆ గొట్టాలతో అసలు ఏం చేసేవారు మేడమ్? నాకు నిజంగా తెలీదు. నేను కెమిస్ట్రీ చదువుతానంటే పడనివ్వలేదు. సీటు కూడా వచ్చింది. ల్యాబ్ గడప తొక్కావంటే నన్ను నాన్నా అని పిలవకు అన్నారు. అంత మాటన్నాక ఇంకేం చదువుతాను?”

“సీటొచ్చాక మానేశావా?”

“మానేసి ఇదిగో, తీగలు చుట్టుకుంటున్నా. దానికేం గానీ, చెప్పండి. ఏం చేసేవారు?”

“ఏదీ, నీ రెండు చేతులూ చాపు. ఒకేలా ఉన్నాయా?”

“ఒకేలా ఉన్నాయి. మసి కూడా సమానంగానే అంటింది.”

“కుడి చేతి తొడుగు ఎడమ చేతికి పడుతుందా?”

“ఎందుకు పడుతుంది?”

“కొన్ని మందులూ అంతే. ఒకే మందుకి రెండు రూపాలు, కుడీ ఎడమా. మేం చేసింది మూర్ఛ వచ్చే పిల్లలకి మందు. కుడిది మూర్ఛని ఆపుతుంది. ఎడమది చూపుని దెబ్బతీస్తుంది. మందులో ఎడమది ఉండకూడదు. ఉందో లేదో తెలియాలంటే ముందు రెంటినీ విడదీయాలి.”

“చూడ్డానికి రెండూ ఒకటే అయితే ఎలా విడదీస్తారు?”

“కాలమ్ అని జానెడు పొడుగు స్టీలు గొట్టం ఉంటుంది. లోపల మెత్తటి పొడి కూరి కూరి ఉంటుంది. ఆ పొడికి రెండిట్లో ఒకటంటే కాస్త ఎక్కువ ఇష్టం. దాన్ని పట్టుకుని కాసేపు వదలదు. అందుకని ఒకటి ముందు బయటికొస్తుంది, ఒకటి వెనక. కంప్యూటర్ తెర మీద రెండు కొండల్లా గీత పడుతుంది.”

“అంతేగా. తేలికే.”

“తేలికేనమ్మా, కొండలు విడివడితే. మావి భుజం భుజం రాసుకుని నిలబడేవి. పెద్ద కొండ చాటున చిన్నది దాక్కుందా లేదా అని రోజూ తగువే. ఏడాదిన్నర తన్నుకున్నాం. ఇంక ల్యాబ్ మూసేస్తామన్నారు. ఒకరోజు పొద్దున్న నేను వెళ్ళేసరికి, పరీక్ష కోసం రెండు రూపాలూ మేమే కలిపి ఉంచినదానికి, తెర మీద ఇక్కడొక కొండ, అక్కడొక కొండ. మధ్యలో ఆటస్థలమంత ఖాళీ. ఏంటా అని చూస్తే ఒక కాలమ్ తోకకి ఇంకో కాలమ్ బిగించి ఉంది. మొదటిది చేతనైనంత విడదీసింది, మిగిలిన పని రెండోది పూర్తిచేసింది.”

“ఎవరు బిగించారు?”

“మీ నాన్న.”

“నాన్నా? మా నాన్న కనిపెట్టారా? ఒక్కసారి కూడా చెప్పలేదు మేడమ్! మొన్న పంపులో కప్ప దొరికితే ఆ కథ మూడు రోజులు చెప్పారు.”

“ఎవరిదే అమ్మలూ, బయట కారు అంత అడ్డంగా పెట్టింది... మేడమ్?”

“నమస్కారం మాస్టారూ.”

“మీరు... మీరిక్కడికి... కూర్చోండి. కూర్చునే ఉన్నారు కదూ. ఏం, ఏమైనా అయిందా? ఎవరైనా ఏమైనా అడిగారా?”

“ఎవరూ ఏం అడగలేదు. నేనే వచ్చాను. చిక్కిపోయారు మాస్టారూ.”

“నాన్నా, నువ్వు ఏదో కనిపెట్టావంట!”

“ఏం కనిపెట్టలేదు. ఎవరు చెప్పారు? ఆ మోటారు అయిందా?”

“మేడమ్ చెప్పారు. రెండు గొట్టాలు—”

“మోటారు అయిందా అన్నాను.”

“మాస్టారూ, అమ్మాయిని అనకండి. నేనే చెప్పాను. వచ్చే నెల నేను రిటైరవుతున్నాను. సభ పెడుతున్నారు. ఆ రెండు కాలమ్‌ల పద్ధతికి నా పేరు పెడతారట.”

“చాలా సంతోషం మేడమ్. తగినవారు.”

“ఆ మాట అనకండి. ఉపన్యాసం రాద్దామని కూర్చున్నాను. ‘ఒకరోజు నాకొక ఆలోచన వచ్చింది’ అని మొదలుపెట్టాలి. చెయ్యి కదల్లేదు. నాలుగు రోజులు అదే కాగితం, అదే వాక్యం. ఆ ఆలోచన నాది కాదు కదా.”

“ఎవరిదైతేనేం మేడమ్, పని జరిగింది.”

“జరిగిందేమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. డైరెక్టర్ గారొచ్చి ఇదెవరు చేశారు అని అడిగారు. మొదటి కాలమ్ పాడై ఉంది కదా, దాన్ని పాడుచేసింది మీరు అని చెప్పాను. కొండలు విడదీసింది నేను అని చెప్పాను. మీరు పక్కనే స్పానర్ పట్టుకుని నిలబడున్నారు.”

“మేడమ్! నిజంగానా? నాన్న ఎదురుగానే?”

“ఎదురుగానే అమ్మా. ఆయన్ని ఆ సాయంత్రమే పంపించేశారు. నాకు ఏడాదిలో పెద్ద కుర్చీ ఇచ్చారు.”

“నాన్నా, ఇంత జరిగితే ఆవిడ్ని మంచావిడ అన్నావా నువ్వు?”

“నువ్వు ఊరుకో. కాలమ్ పాడుచేసింది నేనే కదా. ఆవిడ అబద్ధమేం చెప్పారు?”

“మాస్టారూ, ఇదిగో కాగితం. పద్ధతి మీదని, నేను నా పేరు వేసుకున్నానని రాశాను. మీరు ఇక్కడ, కింద, ఒక్క సంతకం పెడితే చాలు. సభలో నేనే చదువుతాను.”

“పెన్ను లేదు.”

“కౌంటర్ మీద ఉంది కదా నాన్నా.”

“అది రాయదు.”

“పొద్దున్నే రాసింది.”

“ఇప్పుడు రాయదు! నువ్వా కుట్టు మెషిన్ దర్జీ వాళ్ళకిచ్చిరా.”

“సాయంత్రం ఇద్దామన్నావ్.”

“ఇప్పుడివ్వు.”

“సరే సరే, వెళ్తున్నా. మేడమ్, ఆయన చేత పెట్టించే వెళ్ళండి. ఒదిలిపెట్టొద్దు.”

“... వెళ్ళింది. మాస్టారూ, మీకు కోపం ఉంటుంది. ఉండాలి. నాలుగు తిట్టండి. కానీ సంతకం పెట్టండి.”

“కోపమా? మీ మీదా? మేడమ్, ఆ కాగితం లోపల పెట్టేయండి. నేను కనిపెట్టలేదు.”

“ఇంకా నన్ను కాపాడతారేం?”

“మిమ్మల్ని కాదు. వినండి. పదకొండేళ్ళుగా ఎవరికీ నోటితో చెప్పలేదు. కాలమ్ పాడైంది ఆ రోజు కాదు.”

“మరెప్పుడు?”

“అంతకి తొమ్మిది రోజుల ముందు. డ్రాయర్లోంచి తీస్తుంటే చెయ్యి జారింది. నేల మీద టంగుమంది. ఒక్కటే చప్పుడు. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. తీసి, తుడిచి, ఏం ఎరగనట్టు బిగించేశాను.”

“లోపల పొడి కుంగిపోయుంటుంది.”

“కుంగింది. నాకు తెలుస్తూనే ఉంది. తెర మీద కొండకి బొజ్జ వచ్చింది. అది ఇంక విడదీసే గొట్టం కాదు మేడమ్, ఉత్త గొట్టం. చెప్పేస్తే ఉద్యోగం పోతుంది. అప్పుడే అమ్మాయి సీటు కోసం పరీక్ష రాస్తోంది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అని...”

“తొమ్మిది రోజులా?”

“తొమ్మిది రోజులూ దాని మీదే నడిపాను. నలభై ఒక్క శాంపిళ్ళు. అన్నిట్లోనూ ఒకటే కొండ. ‘ఎడమది కనబడలేదు’ అని నా చేత్తోనే రాశాను, నలభై ఒక్కసార్లు. కనబడకపోయింది అది లేకపోబట్టా, నా గొట్టం గుడ్డిదవబట్టా? ఎవరికి తెలుసు? షీట్లు మీకిచ్చాను. మీరు నమ్మి సంతకం పెట్టారు.”

“పెట్టాను.”

“ఆ మందు పిల్లల దగ్గరికి పోయింది. రెండొందల మందికి. పెట్టెలు లారీలోకి ఎక్కిస్తున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఒక పెట్టె జారబోతే పట్టుకున్నాను కూడా. పట్టుకుని, జాగ్రత్తగా లోపల పెట్టాను.”

“మరి రెండో కాలమ్?”

“కప్పిపుచ్చుకోడానికి! బొజ్జ తగ్గుతుందేమోనని, ఎవరూ గుర్తుపట్టరని, బీరువాలో పక్కన పడేసిన పాతది, వేరే రకందొకటి తీసి తోకకి తగిలించాను. రెండైతే ప్రెషర్ ఎక్కి ఎక్కడ కారుతుందోనని ప్రవాహం సగానికి తగ్గించి ఇంటికి పోయాను. అంతే. కనిపెట్టడమూ లేదు, గినిపెట్టడమూ లేదు. పొద్దున్న మీరు పరిగెత్తుకొచ్చి భేష్ మాస్టారూ అని నా భుజం తట్టారు. గుర్తుందా?”

“గుర్తుంది.”

“ఇక్కడ. ఇప్పటికీ మండుతుంది.”

“డైరెక్టర్ గారు వెళ్ళిపొమ్మంటే మీరు నోరు మెదపలేదు. ఎంత పెద్ద మనసో అనుకున్నాను. ఆ మౌనమే నన్ను ఇన్నేళ్ళూ పొడిచింది మాస్టారూ.”

“పెద్ద మనసా! ఎప్పుడు పాడైంది అని అడుగుతాడేమోనని నా భయం. అడగలేదు. బతుకుజీవుడా అని బయటపడ్డాను. మీరు నా పేరు తీసేసినందుకు మనసులో మీకు దణ్ణం పెట్టాను. మంచావిడ అన్నది అందుకు.”

“రెండు ల్యాబ్‌లవాళ్ళు మిమ్మల్ని పిలిచారని విన్నాను.”

“పిలిచారు. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను? ఫ్యాన్ సరిగా బిగించకపోతే గాలి రాదు, అంతేగా. ఎవరి కళ్ళూ పోవు. అమ్మాయినీ వెళ్ళనివ్వలేదు. దానిది నా చెయ్యే మేడమ్, చూశారుగా, ఎంత చురుకో. నా చెయ్యే జారితే దానిది జారదా? జారితే చెబుతుందా?”

“ఆసుపత్రికి వెళ్ళేది కూడా...”

“వరండాలో బెంచీ మీద నల్లద్దాలు పెట్టుకుని కూర్చుంటారు. నేను మంచాల కింద దూరి చక్రాలు బిగిస్తూ వాళ్ళ వయసులు లెక్కేసుకుంటాను. ఈ పిల్లకి అప్పుడు ఎన్నేళ్ళుంటాయి? ఆ మందు తాగి ఉంటుందా? చిన్నవాళ్ళయితే పర్వాలేదు, వీళ్ళు తర్వాత పుట్టారులే అనుకుంటాను. పదిహేను పదహారేళ్ళవాళ్ళు వస్తే మంచం కిందనుంచి బయటికి రాను. అమ్మానాన్నల్ని అడగడానికి నోరు రాదు. ఒకసారి ఒకమ్మాయి, తాతా ఏదో చప్పుడవుతోంది, ఏం చేస్తున్నావ్, అంది. గోడకేసి చూస్తూ అంది. ఆ రోజు స్పానర్ అక్కడే వదిలేసి వచ్చేశాను.”

“మాస్టారూ, ఇంక చాలు.”

“చాలదు. ల్యాబ్ వదిలిన నెలకే ఉండబట్టలేక ఉత్తరం రాశాను.”

“... నేను బయల్దేరతాను మాస్టారూ. కారు నిజంగానే అడ్డంగా పెట్టాను.”

“కూర్చోండి. ఎవరి బండీ ఆగలేదు. మొత్తం రాశాను, డైరెక్టర్ గారి పేరున. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా కాలమ్ పాడైంది, ఈ నలభై ఒక్కటీ మళ్ళీ చూడండి, నన్ను ఏం చేసినా సరే, అని. నంబర్లతో సహా. నేనే వెళ్ళి పోస్టు చేశాను.”

“పోస్టులో ఒక్కోసారి...”

“పోలేదు. అందినట్టు రసీదు తిరిగొచ్చింది. రోజూ గుమ్మంలో కూర్చున్నాను. జీపు చప్పుడైతే నాకోసమే అనుకునేవాణ్ణి. రానీ, తీసుకెళ్ళనీ, అదే మేలు అనుకున్నాను. ఎవరూ రాలేదు. ఏడాది చూశాను. అప్పుడు అర్థమైంది.”

“ఏమర్థమైంది?”

“మళ్ళీ చూశారు, ఎడమది ఉంది, నోరు మూసుకున్నారు. ఇంకేముంటుంది? మందు మంచిదే అని తేలితే ఎవరో ఒకరు ఒక్క ముక్క రాసేవారు కదా. ‘ఒరే ముసలాడా, ఏం కాలేదు, పడుకో’ అని ఒక్క ముక్క. రాయడానికి ఎవరికైనా ఏం పోతుంది? చెప్పండి మేడమ్, ఏం పోతుంది?”

“మంచినీళ్ళు... కొంచెం మంచినీళ్ళుంటే...”

“నాన్నా, దర్జీ షాపు మూసుంది. తాళం అంత వేలాడుతోంది, నన్ను ఎండలో... నాన్నా? ఏడుస్తున్నావా?”

“కంట్లో నలుసు పడింది.”

“రెండు కళ్ళలోనా? మేడమ్, ఏమన్నారు మా నాన్నని?”

“ఏమీ అనలేదమ్మలూ. ఆవిడకి మంచినీళ్ళు ఇచ్చి నువ్వు లోపలికి పో.”

“పోను. ఇది నా షాపు కూడా.”

“ఉండనివ్వండి మాస్టారూ. తనూ వినాలి. సీటు వదులుకుంది తను.”

“దాని ముందు వద్దు మేడమ్. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

“మీరు నా కాళ్ళు... అయ్యో, లేవండి. ముందు లేవండి. మాస్టారూ, ల్యాబ్ సంగతులున్న ఉత్తరాలు డైరెక్టర్ గారు చదివేవారు కాదు. నా బల్ల మీదకి పంపేసేవారు.”

“అంటే?”

“ఆ రసీదు మీద సంతకం ఎవరిదో మీరు చూసుకోలేదు. నాది. మీ ఉత్తరం విప్పింది నేను.”

“మీరా? మీ చేతికా?”

“ఇవాళ ఆ మాట చెప్పకుండానే వెళ్ళిపోదామని వచ్చాను. పద్ధతి మీదని ఒప్పేసుకుంటే సరిపోతుందని. మళ్ళీ రాయలేదు కదా, మరిచిపోయి ఎక్కడో హాయిగా ఉన్నారని సర్దిచెప్పుకున్నాను. మీరు మంచాల కింద ఉన్నారని నాకు తెలీదు.”

“నాన్నా, ఏ ఉత్తరం? మంచాల కిందేంటి?”

“ఉండు తల్లీ. ఉండు. మేడమ్, మీరు చదివారు. చదివి?”

“ఆ వారమే ఆ రెండు రకాల్లోనూ ఒక్కో కొత్త కాలమ్ తెప్పించాను. ఎవరికీ చెప్పలేదు. మీరు బిగించినట్టే ఒకదాని తోకకి ఒకటి బిగించాను. నాకు సరిగా రాలేదు, రెండుసార్లు కారింది. ప్రవాహం సగానికి తగ్గించాను. ప్రతి శాంపిల్‌లోనూ కాస్త తీసి దాచేవాళ్ళం కదా, ఆ నలభై ఒక్కటీ మళ్ళీ నడిపాను. ఒక్కోటీ రెండేసి సార్లు.”

“చెప్పకండి. వద్దు మేడమ్. నాకు... ఎన్ని? ఎన్నిట్లో ఉంది?”

“జవాబు రాస్తే మీరు తిరిగొస్తారని భయపడ్డాను. తిరిగొస్తే ఆ రెండు కాలమ్‌లు ఎవరు బిగించారో అందరికీ తెలిసిపోతుందని. అందుకే రాయలేదు. ఉత్తరం చింపేశాను.”

“అది కాదు నేనడిగేది. ఎన్నిట్లో మేడమ్? ఎంతమంది పిల్లలు?”

“ఒక్కదాంట్లోనూ లేదు మాస్టారూ. ఏ బిడ్డకీ ఏమీ కాలేదు. పదకొండేళ్ళుగా నాకు తెలుసు.”